బాలింత కంటి మసక

కాన్పయిన కొన్ని వారాలకు ఒక కన్ను మసకబారితే ఇంట్లోవాళ్లు రక్తం తక్కువుందనుకుంటారు. కానీ కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చే బాలింతల్లో ఎప్పుడో ఒకరికి ఆ మసక వెనక ఫంగస్ ఉంటుంది. నొప్పి పెద్దగా ఉండదు. "నల్లచుక్కలు తేలుతున్నయ్ సారూ" అంటారు, అంతే. తల్లిగారింట్లో చెవులకు గుడ్డ కట్టుకుని గదిలో ఉన్న పిల్లను బయటికి తేవడానికి పెద్దలు ఒప్పుకోరు. రెండో కన్ను బాగానే ఉంటుంది కాబట్టి ఆమె కూడా పట్టుబట్టదు.

అలా ఆలస్యంగా వచ్చిన ఒకామెకు అప్పటికే ఎక్కడో వాపు తగ్గాలని స్టెరాయిడ్ మాత్రలు రాశారు. ఫంగస్ ఉన్న కంటికి ఒక్క స్టెరాయిడే ఇస్తే అది ఇంకా పెరుగుతుంది. చుక్కలు వేసి చూస్తే రెటీనా ముందు తెల్లటి దూది ఉండలు వరసగా తేలుతున్నాయి.

ఈ ఫంగస్ బయటి నుంచి కంట్లో పడింది కాదు, రక్తంలో కొట్టుకొచ్చింది. అందుకే నేను మొదట అడిగేది ఒంట్లోకి ఎక్కించిన సెలైన్ సీసా సంగతి. ఒక్కసారి డెక్స్‌ట్రోజ్ ఎక్కించుకున్న తర్వాత కంట్లో ఫంగస్ సోకిన కేసులను చండీగఢ్ పీజీఐ వైద్యులు 2000లోనే ప్రచురించారు. ఆ సీసాలోని ద్రవం కలుషితమై ఉంటుందని వాళ్ల అనుమానం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కన తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, అంటే ఆ తల్లులకు సీసా తప్పదు. సిజేరియన్‌ను నేను తప్పుపట్టను. నీరసమన్న ప్రతిసారీ ఊళ్లో ఎక్కించే సీసాను మాత్రం తప్పుపడతాను.

కంటి లోపలి విట్రియస్ అనే జెల్లీ నుంచి చుక్క తీసి ల్యాబుకు పంపి, ఆంఫోటెరిసిన్-బి 5 మైక్రోగ్రాములు కంట్లోకే ఇంజెక్షన్ ఇస్తాం. చాలామందికి ఆ జెల్లీని తీసేసే విట్రెక్టమీ ఆపరేషన్, వారాల తరబడి మాత్రలు కూడా కావాలి. అప్పుడు ప్రతి తల్లీ అడిగేది ఒకటే: "పాలియ్యొచ్చా?" క్యాండిడా అనే ఫంగస్ అయితే ఎక్కువసార్లు ఫ్లుకోనజోల్ సరిపోతుంది, పాలు ఆపక్కర్లేదు. ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ మీద ఆ మందు పనిచేయదు. వోరికోనజోల్ ఇవ్వాలి, అది వాడినన్నాళ్లూ పాలివ్వవద్దంటాం. ల్యాబు రిపోర్టు కోసం ఆ తల్లి పడే ఆరాటం ఆమె కంటికోసం కాదు.

కాన్పు తర్వాత ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి పసిబిడ్డను చూస్తారు. ఆశా అమ్మలారా, ఆ రోజుల్లో బాలింతను ఒక కన్ను మూసి రెండో కంటితో గోడమీది క్యాలెండర్ చదవమనండి. తర్వాత కన్ను మార్చి చదవమనండి. తేడా కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పంపండి.