నారాయణపేట నుండి తంగిడికి

మా తండ్రిగారి యూరు నారాయణపేట. అమ్మ పుట్టినిల్లు పడమట యాదగిరి సీమలోని యొక కన్నడ గ్రామము. అక్కచెల్లెండ్ర మిరువురమును ఈ రెండు దేశముల నడుమ పెరిగితిమి. ఇంట అమ్మ మమ్ము "ఊట"కు పిలిచెడిది. కన్నడమున ఊట యనగా భోజనము. ఆ మాట బడిలో మా నోట జారినప్పుడు, "ఏ చెలిమలోనిదే మీ ఊట?" అని తోడిపిల్లలు నవ్విరి. సెలవులకు తాతగారింటి కేగిన, అక్కడ మేము "తెలుగువారి పిల్లలము". మన సొంతయూ రేది యని యెన్నిమారులో దిగులుపడితిమి. హద్దుగ్రామముల సోదరీమణుల కీ దిగులు తెలిసినదే.

ఆ హద్దు మాత్రము పాతది కాదు. 1956 వరకు రెండూళ్లును హైదరాబాదు రాష్ట్రముననే యుండెను. ఆ యేట నవంబరు 1వ తేదీన భాషలనుబట్టి రాష్ట్రము లేర్పడగా, యాదగిరి నేటి కర్ణాటకమైన మైసూరులోను, నారాయణపేట ఆంధ్రప్రదేశములోను చేరినవి. పేట 2014లో తెలంగాణ రాష్ట్రములోనిదై, 2019లో జిల్లాకేంద్రమయ్యెను. అయినను పేట వీధులలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నేటికిని కలసియే వినబడును. అమ్మ పెట్టెలోను పుట్టింటి ఇల్కల్ చీరయు, అత్తింటి నారాయణపేట గళ్లచీరయు ఒకదానిపై నొకటి యొదిగి యుండెడివి.

నిరుడు అమ్మ గతించినది. అస్థులను భీమానదిలో కలుపవలెనని మేనమామలును, కృష్ణలో కలుపవలెనని నాన్నగారును పట్టుపట్టిరి. బ్రతికియున్నన్నాళ్లు లేని పంపకము పోయినపిదప వచ్చెనే యని మేము దుఃఖించితిమి. తుదకు మా యిరువురకును తంగిడి తోచినది.

కృష్ణ తెలంగాణమున అడుగుపెట్టు చోటది. భీమ యచ్చటనే కృష్ణతో కలియును. ఒకతె భీమశంకరమున, ఒకతె మహాబలేశ్వరమున పుట్టిన మరాఠీసీమ యాడుబిడ్డలు. కన్నడదేశము దాటివచ్చి యిచట నొకటగుదురు. నాన్నగారును మామలును ఒక్కచోటనే నీటిలోనికి దిగిరి. ఎవ్వరును మాటాడలేదు.

పిదప మేము ఒడ్డున ఇసుక తోడి చెలిమ తీసితిమి. నీరూరినది. అది భీమదో కృష్ణదో చెప్పగలవారు లేరు. ఆ నీరు ముంచుకొని, మూటలోని జొన్నరొట్టెలు విప్పితిమి.

"రండమ్మా, ఊటకు" అని మమ్ము పిలిచినవారు మామలు కారు, నాన్నగారు.