అందరి ఇసుక

డెలావేర్ బే వెళ్ళి అట్లాంటిక్ మహాసముద్రంలో కలిసేచోట, లూయిస్ అనే చిన్న ఊరిని ఆనుకొని కేప్ హెన్లోపెన్ స్టేట్ పార్కు ఉంది. వేసవి వస్తే మేరీలాండ్, వర్జీనియా, పెన్సిల్వేనియాల్లో ఉండే తెలుగువాళ్ళు సముద్రానికని బయల్దేరతారు. ఎక్కువమంది తెల్లవారుజామునే వెళ్ళి, పార్కింగు కోసం చక్కర్లు కొట్టి, కాసేపు అలల్లో తడిసి, చీకటి పడేసరికి మళ్ళీ హైవే మీద ఉంటారు. వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. ఆ రాత్రికి అక్కడే ఉండిపోండి. సముద్రం దగ్గర చూడవలసినవి చాలావరకు జనం ఇళ్ళకు వెళ్ళాకే మొదలవుతాయి.

క్యాంపుగ్రౌండు సరిగ్గా ఒడ్డున ఉండదు. పైన్ చెట్లు పెరిగిన ఇసుకదిబ్బల మధ్య ఉంటుంది. ఒక్కో కుటుంబానికి కాస్త చదునైన చోటు, ఒక బల్ల, మంట వేసుకోవడానికి ఇనప వలయం. నడిచివెళ్ళే దూరంలో స్నానాల గదులు. ఇసుకలో గుడారం నిలబెట్టడం ఒక విద్య. గుడారంతో పాటు వచ్చే జానెడు మేకులు పచ్చిక నేలకు సరిపోతాయి గానీ, ఇక్కడ సముద్రపు గాలి ఒక్క విసురు విసిరితే లేచి వచ్చేస్తాయి. మూరెడు పొడవున్న వెడల్పాటి మేకులు కావాలి. అవి లేకపోతే గుడ్డసంచిలో ఇసుక నింపి, మూతికి తాడు కట్టి, మోచేతి లోతు గొయ్యి తీసి పాతేసి, పైన బాగా తొక్కాలి. అప్పుడు ఎంత గాలి వచ్చినా కదలదు. వంటచెరుకు ఇంటినుంచి తీసుకెళ్ళకూడదు. బెరడులో దాగిన పురుగులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి ప్రయాణం చేసి చెట్లను చంపుతాయి కాబట్టి, కట్టెలు అక్కడే కొనాలి. ఇక తిండి సంగతి. దిబ్బల్లో ఎర్రనక్కలు తిరుగుతాయి. పులిహోర గిన్నె అయినా సరే, రాత్రిపూట బల్లమీద వదలకుండా కారులో పెట్టి తాళం వెయ్యాలి.

ఈ నేల కథ నాకెంతో ఇష్టం. 1682లో పెన్సిల్వేనియా వ్యవస్థాపకుడు విలియం పెన్ ఈ ప్రాంతాన్ని చుట్టుపక్కల ప్రజలందరి వాడకానికీ విడిచిపెట్టాడు. అమెరికాలో ప్రజల ఉమ్మడి భూమిగా నిలిచిన మొట్టమొదటి చోట్లలో ఇదొకటి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యం ఇక్కడ ఫోర్ట్ మైల్స్ కట్టింది. శత్రునౌకల మీద నిఘాకు కట్టిన కాంక్రీటు బురుజులు ఇప్పటికీ ఉన్నాయి. 1945 మే నెలలో జర్మన్ జలాంతర్గామి యు-858 లొంగిపోయి వచ్చింది ఈ తీరానికే. తర్వాత 1964లో ఇది స్టేట్ పార్కయింది. మధ్యలో ఎవరి అధీనంలోకి వెళ్ళినా చివరికి మళ్ళీ జనం చేతికే వచ్చింది. ఆ ఇసుక మాత్రం ఎవరి మాటా వినదు. ఒకవైపు కోసుకుపోతూ ఇంకోవైపు మేట వేస్తూ ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన దీపస్తంభం కింద దిబ్బ కరిగిపోయి, 1926లో అది సముద్రంలో కూలిపోయింది.

పగటిపూట చేపల వేటకు బే వైపు పావుమైలు పొడవున చెక్కవంతెన ఉండేది. దానిమీద అన్ని దేశాలవాళ్ళూ కనిపించేవారు. బకెట్లు, మడత కుర్చీలు, పిల్లలు, ఒకళ్ళ ఎరను ఒకళ్ళు అడిగి చూడడాలు. రెండు కళ్ళూ ఒకే పక్కన ఉండే ఫ్లౌండర్ చేప గాలానికి పడితే పక్కవాళ్ళు కూడా లేచి నిలబడేవారు. పడ్డ చేపను ముందు కొలబద్ద మీద పెట్టాలి. నిర్ణయించిన పొడవుకు తగ్గితే వెంటనే నీళ్ళలోకి వదిలెయ్యాలి. నీలి పీతలకైతే గాలం అక్కర్లేదు. దారానికి కోడిమెడ కట్టి లోతుకు దించి, పీత పట్టుకుని లాగుతున్నట్టు తెలియగానే దారాన్ని నెమ్మదిగా, కుదుపు లేకుండా పైకి చుట్టి, నీటి పైకి రాకముందే కింద వల పెట్టాలి. కొంచెం తొందరపడినా అది కోడిమెడ వదిలేసి వెళ్ళిపోతుంది. కయాక్ వేసుకునేవాళ్ళకు బే నీళ్ళు సముద్రం కంటే నెమ్మది. అయినా పోటు, పాటు వేళలు కనుక్కోకుండా దిగకూడదు. పాటు సమయంలో నీళ్ళు తీరం నుంచి సముద్రం వైపు లాగుతాయి. ఎంత ఈత వచ్చినా లైఫ్ జాకెట్టు తీయకూడదు.

ఇంత దూరం మిమ్మల్ని రమ్మనేది మాత్రం హార్స్‌షూ పీతల కోసం. మే, జూన్ నెలల్లో పౌర్ణమికీ అమావాస్యకీ అటూఇటూ రోజుల్లో, రాత్రి పోటు వేళకు, ఇవి బే లోతుల నుంచి ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ప్రపంచంలో ఈ జాతి ఇంత పెద్ద సంఖ్యలో వచ్చేది డెలావేర్ బేకే. పేరుకు పీత గానీ దీని చుట్టరికం సాలెపురుగుతో, తేలుతో. నలభై కోట్ల ఏళ్ళకు పైగా దాదాపు ఇదే ఆకారంలో ఉన్న జీవి. బోర్లించిన మూకుడుకు తోక తగిలించినట్టు ఉంటుంది. పెద్దది ఆడది. దాని వెనక అంచు పట్టుకుని వేలాడుతూ ఒక మగది, చుట్టూ మరికొన్ని మగవి. టార్చికి ఎర్ర కాగితం చుట్టి పట్టుకుని నిలబడితే, అల వెనక్కి తగ్గినప్పుడల్లా పెంకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు వినిపిస్తుంది. తడి ఇసుకలో ఆకుపచ్చని ఆవగింజలంత గుడ్లు వేలకు వేలు.

ఆ గుడ్ల కోసమే దక్షిణ అమెరికా కొస నుంచి రెడ్ నాట్ అనే పిడికెడంత పిట్టలు వస్తాయి. ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళ్ళే దారిలో ఇక్కడ ఆగి, రెండు వారాల్లో బరువు ఇంచుమించు రెట్టింపు చేసుకుని ఎగిరిపోతాయి. ఈ పీతల నీలిరక్తంతో తయారైన ద్రావణంతో మన టీకాలు, సెలైన్ సీసాలు, ఒంట్లో అమర్చే పరికరాలు విషరహితమో కాదో ఏళ్ళ తరబడి పరీక్షిస్తున్నారు. ఒకప్పుడు వీటిని లక్షలకొద్దీ ఏరి, పొడికొట్టి, పొలాలకు ఎరువుగా చల్లారు. ఎర కోసం తెగ పట్టారు. పీతలు తగ్గాయి, వాటితో పాటు పిట్టలూ తగ్గాయి. 2014లో అమెరికా ప్రభుత్వం రెడ్ నాట్‌ను ముప్పున్న జాతిగా ప్రకటించింది.

మా నాన్నగారు రేపల్లె నుంచి వచ్చినప్పుడు ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళాను. అల ఒక పీతను వెల్లకిలా పడేసింది. కాళ్ళన్నీ గాలిలో ఆడిస్తూ, తోకను ఇసుకలో గుచ్చి తిరగబడాలని చూస్తోంది. ఆయన పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగారు. “నాన్నా, తోక పట్టుకోవద్దు, అది విరిగిపోతుంది. పక్కన పెంకు అంచు పట్టుకోండి” అన్నాను. “నాకు తెలుసులేరా, దీపం ఇటు పట్టు” అని రెండు చేతులతో నెమ్మదిగా బోర్లించారు. అది కాసేపు అక్కడే ఆగి, నీళ్ళవైపు పాకింది. ఆయన తర్వాతిదాని దగ్గరికి వెళ్ళారు. అలా ఒడ్డు పొడుగునా చాలాసేపు నడిచాం. తెల్లవారాక ఎండకూ, పొడిచి తినే సముద్రకాకులకూ చిక్కకుండా చెయ్యాలంటే మనిషి చెయ్యగలిగినది ఈ పాటి సాయమే. అక్కడ దీన్ని ఒక ఉద్యమంగా చేస్తున్నారు.

నడిచేటప్పుడు నాన్నగారు మన సూర్యలంక తీరం గురించే మాట్లాడారు. మనకూ తీరానికి తక్కువేం లేదు. మనకూ జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాటిని కాపాడే కేంద్రాలు నడుపుతోంది. కానీ ఒక మామూలు కుటుంబం తన గుడారం తను వేసుకుని, తక్కువ రుసుము కట్టి, భయం లేకుండా సముద్రం పక్కన పడుకునే చోటు మన తీరంలో అరుదు. డబ్బున్నవాళ్ళకు రిసార్టులున్నాయి. మిగతావాళ్ళు చీకటి పడకముందే బస్సెక్కాలి. అందువల్ల తాబేలు ఎలా వస్తుందో చూసిన పిల్లలు మన ఊళ్ళలో ఎందరు? చూడనిదాన్ని కాపాడమంటే ఎవరికి పడుతుంది?

హెన్లోపెన్‌లో పక్షులు గూళ్ళు పెట్టే కాలంలో ఇసుక కొసను మనుషులకు మూసేస్తారు. మిగతాదంతా అందరికీ తెరిచే ఉంటుంది. రెండూ ఒకేచోట సాధ్యమే. ఒక కుళాయి, శుభ్రమైన మరుగుదొడ్లు, రాత్రి కాపలా, తాబేళ్ళు వచ్చే నెలల్లో దీపాలు ఆర్పి ఆ ఇసుకను వాటికే వదలాలన్న నియమం. ఇవి ఉంటే చాలు. మన ప్రభుత్వం సూర్యలంకలోనో మంగినపూడిలోనో ఒక్క చోట ఇది మొదలుపెట్టాలని, అంతవరకూ రిసార్టులకు కొత్తగా ఒడ్డు రాసివ్వకూడదని నా విన్నపం.