టామీ కాలు నాకుతున్నాడు!

అర్ధరాత్రి రెండు గంటలకి మీకు దేనికి మెలకువ వస్తుంది? దోమల మోతకా, పిల్లాడి దగ్గుకా, మీవారి గురకకా? నాకు మాత్రం కొన్ని నెలలపాటు 'సప్... సప్... సప్' అనే చప్పుడుకి వచ్చేది. వసారాలో పడుకున్న మా టామీ తన ముందుకాలు తనే నాక్కుంటున్న చప్పుడది. 'ఓస్, ఇంతేనా! కుక్కన్నాక నాక్కోదా?' అంటారేమో. నేనూ అలాగే అనుకున్నానండీ. అలా అనుకోవడంలోనే రెండు నెలలు గడిచిపోయాయి.

మాది చల్లపల్లి. టామీ లాబ్రడార్ సంకరం, ఆరేళ్ళవాడు. వాణ్ణి తెచ్చింది మా మామయ్యగారు. 2014లో మా ఊళ్ళో స్వచ్ఛ చల్లపల్లి మొదలైనప్పటినుంచీ తెల్లవారుజామునే రోడ్లు ఊడ్చి, మొక్కలు నాటే కార్యకర్తలున్నారు కదా! వాళ్ళు పనిలో ఉండే వేళకే మామయ్యగారు టామీ తాడు పట్టుకుని కాలువగట్టుకి బయల్దేరేవారు. తిరిగొచ్చాక ఆయనకి కాఫీ, వాడికి గిన్నెడు పెరుగన్నం. ఇది ఏళ్ళ తరబడి సాగిన దినచర్య.

పోయిన కార్తీకంలో మామయ్యగారు వెళ్ళిపోయారు. కర్మకాండలు, వచ్చేపోయే చుట్టాలు, కాగితాల పనులు... ఆ హడావిడిలో టామీకి వేళకి అన్నం పెట్టడం వరకే గుర్తుండేది. వాణ్ణి బయటికి తిప్పేవాళ్ళే లేరు. సంక్రాంతికి ముగ్గు వేస్తూ చూశాను. వాడి ఎడమ ముందుకాలు మణికట్టు దగ్గర వెంట్రుకలు ఊడి, రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా, తడితడిగా ఉంది.

'కుక్క నాలికలో మందుంటుందమ్మాయ్, అదే మానుతుంది' అన్నారు అత్తయ్యగారు. పక్కింటావిడ పసుపూ కొబ్బరినూనే రాయమంది. పాలవాడు పాత ఇంజనాయిలు పూయమన్నాడు. మందుల షాపులో మనుషులకిచ్చే ట్యూబొకటి ఇస్తే అదీ రాశాను. రాసిన ప్రతిదాన్నీ వాడు ఇంకా ఇష్టంగా నాకాడు! చెప్పొద్దూ, ఒకరోజు విసుగెత్తి చీపురు తిరగేసి ఒక్కటిచ్చాను. వాడు మంచం కిందికి దూరి, అక్కడా నాక్కోవడం మొదలెట్టాడు.

మాఘమాసం వచ్చేసరికి పుండు గట్టిపడి, దిమ్మలా లేచి, వాసన కొట్టడం మొదలెట్టింది. అప్పుడే మా అమ్మాయి ఫోను చేసింది, వేసవికి చంటివాణ్ణి తీసుకుని వస్తానని. వాడప్పుడే పాకుతున్నాడు. మావారు పేపరు మడిచి, 'పొలంలో పాక దగ్గర కట్టేద్దాం. కాపలాగా ఉంటుంది' అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. అత్తయ్యగారు మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఎందుకో ఆ మాట నాకు మింగుడుపడలేదు. మర్నాడే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు చెవి మడతలు, కాలివేళ్ళ సందులు విప్పి చూపించారు. గోమార్లు! కొందరు పిడుదులంటారు చూడండి, అవే. నాలుగున్నాయి. రోజూ అన్నం పెట్టేదాన్ని, ఒక్కసారీ చూసుకోలేదు. సిగ్గేసింది.

ఆయన చెప్పిన వివరం మీకూ పనికొస్తుంది. ఆడగోమారి రక్తం తాగి ఉబ్బి, కిందికి రాలి, గోడ పగుళ్ళలోనూ గోనెపట్టాల మడతల్లోనూ వేలల్లో గుడ్లు పెడుతుందిట. అందుకే కుక్కకి మందు వేసి, దాని పడక వదిలేస్తే లాభం లేదు. పట్టాలు మరిగే నీళ్ళలో వేసి ఎండలో ఆరేయాలి, గోడ మూలలు శుభ్రం చేయాలి. గోమారిని వేళ్ళతో నలపకూడదు. చర్మానికి దగ్గరగా పట్టకారుతో పట్టి తిన్నగా లాగాలి. వాటివల్ల కుక్కలకి జ్వరాలు కూడా వస్తాయి. కిరోసిను, ఫినాయిలు, ఇంజనాయిలు పూస్తే చర్మం కాలడమే కాక, నాకినప్పుడు కడుపులోకి పోయి విషమవుతుంది. మనం వాడే కొన్ని క్రీములూ అంతే. ఇక మన నొప్పిమాత్రలు సొంతంగా అసలు వేయకూడదు.

మందులతో వారంలో ఒంటి దురద తగ్గింది. చెవులు గోక్కోవడం మానేశాడు. కానీ ఆ ఒక్కచోట మాత్రం... మళ్ళీ అదే 'సప్ సప్'.

శివరాత్రి వెళ్ళాక కారులో ఎక్కించుకుని కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు మీదుగా గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళ్ళాం. 1998లో పెట్టిన కాలేజీ అది. అక్కడ చూసిన డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. చర్మం గీకి, అద్దం మీద పెట్టి, గజ్జి పురుగుందేమోనని చూసింది. తామరేమోనని చూసింది. కాలు మడిచి, చాచి, కీలు నొప్పేమోనని చూసింది. ముల్లుగానీ గడ్డిగింజగానీ విరిగి ఉందేమోనని నొక్కింది. కీలు నొప్పి ఉన్నా, తిండి పడకపోయినా కుక్కలు ఒకేచోట నాకుతాయట. ఇవేవీ కావని తేలాక కుర్చీ జరుపుకుని అడిగింది:

'అమ్మా, ఈమధ్య మీ ఇంట్లో ఏమైనా మార్పు జరిగిందా?'

మావారూ నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

మొదట ఏ దురదతోనో మొదలవుతుందిట. నాకితే కాస్త హాయిగా ఉంటుంది. ఆ హాయికి అలవాటుపడి, దిగులేసినా తోచకపోయినా అక్కడే నాకుతుంది. నాకినకొద్దీ చర్మం చిట్లి, లోతుగా చీము పడుతుంది. చీము పడితే మళ్ళీ దురద. గానుగెద్దు తిరిగినట్టు అక్కడక్కడే! లాబ్రడార్, డాబర్‌మన్ లాంటి పెద్దజాతి కుక్కల్లో ఇది ఎక్కువట. 'తిడితే ఆందోళన పెరుగుతుంది, ఇంకా నాకుతుంది. నాకినప్పుడల్లా పరిగెత్తుకెళ్ళి బతిమాలినా, నాకితే మీరొస్తారని నేర్చుకుంటుంది. అసలు నాకాలనే తోచకుండా వేరే పని కల్పించండి' అంది. లోపలి చీముకి వారాల తరబడి మందు వాడాలనీ, పైకి మానినట్టు కనబడగానే ఆపేయొద్దనీ గట్టిగా చెప్పింది. అప్పటికీ లొంగకపోతే మనుషుల ఆందోళనకిచ్చే మందుల్లాంటివే కుక్కలకీ ఉన్నాయిట, అయితే డాక్టరు చూసి ఇవ్వాల్సిందే.

ఆ రాత్రి మళ్ళీ మెలకువ వచ్చింది. లేచి వసారాలోకి వెళ్ళాను. మామయ్యగారి పడకకుర్చీ ఖాళీగా ఉంది. దాని ఈ పక్కన టామీ కాలు నాక్కుంటున్నాడు. ఆ పక్కన చాప మీద అత్తయ్యగారు కూర్చుని, మామయ్యగారి తుండుగుడ్డ మడత పెడుతున్నారు. పెట్టి, విప్పి, మళ్ళీ పెడుతున్నారు. నాలుగు నెలలుగా ఆవిడ అలా చేస్తుంటే రోజూ చూస్తూనే ఉన్నాను. 'పొద్దుపోక' అనుకున్నానే తప్ప, పక్కన ఐదు నిమిషాలు కూర్చున్న పాపాన పోలేదు. కుక్కకి గోమార్లు చూసుకోనట్టే ఇదీ చూసుకోలేదన్నమాట! వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

తెల్లారి తాడు నేనే తీశాను. 'అత్తయ్యా, నాకు తోడు రండి, కాలువదాకా వెళ్ళొద్దాం' అన్నాను. ఆవిడకి మడీ ఆచారం ఎక్కువ. వాణ్ణి గడప దాటనిచ్చేవారు కాదు. 'కుక్కతో నేనా?' అన్నారు. కానీ చెప్పులేసుకున్నారు. ముందు నాలుగడుగుల దూరంలో నడిచారు. మూడోరోజుకి మామయ్యగారు ఎక్కడెక్కడ ఆగేవారో టామీయే ఆగి చూపించాడు. ఓ చెట్టు కింద వాడు కూర్చుండిపోతే, 'ఇక్కడేనన్నమాట ఆయన చుట్ట కాల్చింది! మానేశానని నాతో ఒట్టేశారే!' అని ఆవిడ నవ్వి, వెంటనే ఏడ్చేశారు. వారం తిరక్కుండా తాడు ఆవిడ చేతిలోకి వెళ్ళింది. ఇంటికొచ్చి తలారా స్నానం చేస్తారనుకోండి, అది వేరే సంగతి!

మిగతా పనులు నా వంతు. పుండు ఆరేదాకా మెడకి గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ కట్టాం. 'గుడి మైకు కట్టినట్టుంది వెధవకి' అన్నారు అత్తయ్యగారు. డాక్టరమ్మ రాసిచ్చిన షాంపూ పట్టించి పది నిమిషాలు ఉంచి కడిగేదాన్ని. బయటినుంచి రాగానే కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడిచేదాన్ని. మన డెల్టా తేమకి తడికాళ్ళే సగం రోగం. మధ్యాహ్నం వాడికి తోచని వేళ పాత తువ్వాలులో చపాతీ ముక్కలు చుట్టి, నా కళ్ళెదుటే విప్పుకోమని ఇచ్చేదాన్ని. అరగంట వెతుక్కుని తిని హాయిగా పడుకునేవాడు. మిగిలిన కూరా సాంబారూ కలిపి పెట్టడం మానేశాను. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తానికి చెరుపట. ఇన్నేళ్ళూ తెలియనే తెలియదు!

ఇంట్లో పిల్లలుంటే ఇంకో మాట. ఏటా కుక్కకి రేబిస్ టీకా తప్పనిసరి. పుండు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఊరకుక్కగానీ టీకా లేని కుక్కగానీ మన ఒంటిమీది గాయాన్ని నాకితే, పదిహేను నిమిషాలు ధారగా పడే నీళ్ళలో సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. 'నాకిందేగా, కరవలేదుగా' అనుకోవద్దు.

ఉగాదికి పుండు ఆరింది. మా మనవడు వచ్చి నెలన్నర ఉన్నాడు. వాడు వసారాలో పాకుతుంటే టామీ తోక ఊపుతూ చూసేవాడు. పొలం పాక మాట మావారు మళ్ళీ ఎత్తలేదు.

పూర్తిగా నయమైపోయిందని అబద్ధం చెప్పను. శ్రావణంలో వెంట్రుకలు మొలిచాయి గానీ, నడిమధ్య చింతగింజంత మచ్చ అలాగే ఉంది. మా అమ్మాయి వెళ్ళిపోయిన రోజు రాత్రి మళ్ళీ 'సప్ సప్' వినిపించింది. నేను లేచేలోపే అత్తయ్యగారి గొంతు వినబడింది: 'ఒరే టామీ, పడుకోరా. తెల్లారగానే వెళ్దాంలే.'

చప్పుడు ఆగింది.

మీ ఇంట్లో నోరులేని జీవం ఒకేచోట నాక్కుంటూనో గోక్కుంటూనో కనిపిస్తే, ముందు డాక్టరుకి చూపించండి. దిగులే అని మీకు మీరే తేల్చేయకండి, గోమారో ముల్లో ఉండొచ్చు. అవన్నీ చూశాక కూడా ఆగకపోతే, ఇంట్లో ఎవరు తగ్గారో, ఏ అలవాటు ఆగిపోయిందో ఆలోచించండి. పనిలో పనిగా, పక్కన నోరున్న జీవమెవరైనా మాట్లాడకుండా కూర్చున్నారేమో కూడా ఓసారి చూడండి.