ఏడు నెలల అప్పీలు

సల్మాన్ ఖాన్ కేసు మళ్లీ గుర్తొచ్చింది. 2002 సెప్టెంబరులో బాంద్రాలో బేకరీ ముందు పడుకున్న కూలీల మీదికి ఆయన కారెక్కింది. ఒకరు పోయారు, నలుగురు గాయపడ్డారు. కింది కోర్టు ఐదేళ్ల జైలు వేయడానికి 2015 మే దాకా పట్టింది. బెయిలు మాత్రం ఆ రోజే! డిసెంబరుకల్లా బాంబే హైకోర్టు నిర్దోషి అనేసింది.

ముఖ్య సాక్షి, సల్మాన్‌కి బాడీగార్డుగా ఉన్న కానిస్టేబుల్, 2007లోనే పోయాడు. అతని మాట పూర్తిగా నమ్మలేమంది కోర్టు. సాక్ష్యం చాలకపోతే వదిలేయాల్సిందే, దాంతో నాకు పేచీ లేదు. మామూలోడి అప్పీలు ఏళ్లకేళ్లు మూలుగుతుంటే ఇది ఏడు నెలల్లో తేలింది చూడండి, అక్కడే కడుపు మండేది. సరే, ఆయన నడిపినట్టు రుజువు కాలేదు. మరి నడిపిందెవరో పోయినవాడి ఇంటివాళ్లకి ఎవరు చెప్పాలి?