కోయంబత్తూరులో పత్తి పాఠం

ఊటీకి వెళ్ళేవాళ్ళు కోయంబత్తూరులో రైలు దిగగానే బస్సెక్కేస్తారు. మేము మాత్రం అక్కడే స్థిరపడిన మా ఆడపడుచు ఇంట్లో రెండ్రోజులు ఉన్నాం. ఊరంతా తమిళమే అయినా, నాయుళ్ళ ఇళ్ళల్లో తెలుగు వినబడుతుంటే పుట్టింటికి వచ్చినట్టనిపించింది. చుట్టూ నల్లరేగడి భూములు, 1930లలో వచ్చిన పైకారా కరెంటు - ఈ రెండూ కలిసి అక్కడ నూలు మిల్లుల్ని పెంచాయి.

మా ఆడపడుచుగారి ఆయన మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి నా గోడు చెప్పుకున్నాను. 'ఈజిప్టు పత్తి' అన్న చీటీ చూసి బోలెడు డబ్బు పోసి కొన్న దుప్పటి నాలుగు ఉతుకులకే ఉండలు కట్టింది మరి!

ఆయన నవ్వి, దేవుడి దగ్గర వత్తుల పత్తి కొంచెం, తను దాచుకున్న సువిన్ పత్తి కొంచెం తెచ్చారు. వేళ్ళతో పీచు లాగి నల్లగుడ్డ మీద పరిచారు. మొదటిది అంగుళం కూడా లేదు. రెండోది అంగుళంన్నర, పట్టులా మెరుస్తోంది!

"జడ వేస్తే పొట్టి వెంట్రుకలు పాయలోంచి పైకి లేవవూ? నూలూ అంతేనమ్మా" అన్నారు.

పీచు పొట్టిదైతే దారంలో కొసలు ఎక్కువ. రాపిడికి అవే నూగులా లేచి ఉండలు కడతాయి. పొడుగు పీచైతే కొసలు తక్కువ, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. అందుకే దారం సన్నగా తీసినా తొందరగా తెగదు. గుడ్డ నున్నగా ఉంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది.

సువిన్ కోయంబత్తూరులోనే పుట్టింది. ఈజిప్టు రకం నుంచి వచ్చిన సుజాతని, వెస్టిండీస్ సెయింట్ విన్సెంట్ పత్తితో కలిపి అక్కడి శాస్త్రవేత్తలు తయారుచేసి, 1974లో విడుదల చేశారు. రెండు పేర్లూ కలిస్తే సువిన్!

ఇంత మంచి పత్తి చేలనిండా ఎందుకు లేదనుకుంటున్నారా? పంట చేతికి రావడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. దిగుబడి తక్కువ, పురుగు బెడద ఎక్కువ. అందుకే రైతులు చాలామంది మానేశారు. మనం ఉత్త చీటీకి పోసే డబ్బు, ఓపిగ్గా పండించే ఆ కొద్దిమందికీ చేరదు కదా!

అందుకని ఈసారి కాటన్ కొనేటప్పుడు చీటీని కాదు, గుడ్డని చూడండి. వెలుతురుకి ఎత్తిపట్టి నూగు ఉందేమో గమనించండి. గంజి నునుపు చూసి మోసపోకుండా, ఓ మూల బొటనవేలితో గట్టిగా రుద్దండి. కొసలు లేస్తే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి.

నా దుప్పటి సంగతంటారా? ఇస్త్రీ బల్ల మీద పరిచాను. అక్కడ బాగానే పనికొస్తోంది!