ఆ దోషం ఎవరిది?

స్ఫటికం స్వతః నిర్మలమైనది. దాని చెంత మందారపుష్పాన్ని ఉంచినచో స్ఫటికమే రక్తవర్ణమైనట్లు భాసిస్తుంది. పుష్పానికి చెందిన అరుణిమ స్ఫటికంపై ఆరోపితమవుతుంది. ఒకదాని ధర్మాన్ని మరొకదానియందు చూచే ఈ భ్రమనే వేదాంతశాస్త్రం అధ్యాస అన్నది. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యాన్ని ఈ అధ్యాస విచారంతోనే ఉపక్రమించారు. ఈ ఆరోపం ఒకవైపు మాత్రమే సాగదనీ, అది అన్యోన్యమనీ కూడ వారు విశదపరిచారు. దేహధర్మం ఆత్మపై, ఆత్మధర్మం దేహంపై పరస్పరం ఆరోపింపబడతాయి.

ఈ దృష్టాంతాన్ని ప్రవచనాలలో అనేక పర్యాయాలు విన్నవారికి కూడ, తమ నిత్యజీవనంలో అదే అధ్యాస ఎదురైనప్పుడు అది స్ఫురించకపోవడం లోకసహజం. విజయవాడలో నివసించే ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగికి అది పాత కారు తలుపులోని స్పీకరు రూపంలో ఎదురైనది.

ఆయన తండ్రిగారు సంస్కృతోపాధ్యాయులు. అనుదినం ప్రాతఃకాలంలో విష్ణుసహస్రనామ పారాయణ వారి నియమం. 1991లో ఒకనాడు ఇంటిలోని చిన్న టేప్ రికార్డరును ప్రక్కన ఉంచి, ఆ పారాయణను కుమారుడు క్యాసెట్టుపై నిక్షిప్తం చేసినాడు. తండ్రిగారు దేహం చాలించి ఆరు సంవత్సరాలు గడిచినవి. చివరి నెలరోజులు ఊపిరితిత్తుల వ్యాధితో వారి కంఠం పూర్తిగా బొంగురుపోయి, నామాన్ని ఉచ్చరించడమే దుష్కరమైనది. తదనంతరం కుమారుడు ఆ క్యాసెట్టులోని శబ్దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాడు. ప్రతి శుక్ల ఏకాదశికీ ఎనభైయొక్క సంవత్సరాల తల్లిగారిని కారులో కూర్చుండబెట్టుకొని, కృష్ణ కరకట్ట మీదుగా మోపిదేవి సమీపంలోని స్వగ్రామానికి తీసుకొనిపోవడం ఆయనకు వ్రతంవంటిది. త్రోవ పొడవునా తండ్రిగారి పారాయణ సాగేది. ఆమె కన్నులు మూసుకొని వినేవారు.

ఒక వర్షాకాలం గడిచిన పిమ్మట ఆ కంఠంలో మార్పు కనిపించినది. నామం నామానికీ ఒక జీర, ఒక వణుకు. దీర్ఘాక్షరాల వద్ద స్వరం చిట్లుతున్నది. కొంతదూరం విన్న తరువాత ఆమె కుమారుని చేతిపై చేయి వేసి, "ఆపెయ్యి నాయనా. ఇది ఆసుపత్రిలోని గొంతు" అన్నారు.

ఆ మాట ఆయనను కలచివేసినది. ఆరేళ్లుగా ఆమె కాపాడుకొంటున్నది ఆసుపత్రికి పూర్వపు కంఠం. అదికూడ శిథిలమైనదేమోనని ఆయన భయపడినాడు. ఇంటికి వచ్చి ఇయర్‌ఫోనుతో విన్నాడు. కంఠం మునుపటివలెనే గంభీరంగా ఉన్నది. శబ్దమూలం చెడలేదు. కాని వినికిడి యంత్రం ధరించే తల్లిగారికి ఇయర్‌ఫోను కుదరదు. ఫోనులోని చిన్న స్పీకరుతో వినిపించగా, "నామాలు వినబడుతున్నాయి. ఆయన వినబడటం లేదు" అన్నారామె. ఇక కారులోని స్పీకర్లను మార్చవలసినదే అని నిశ్చయమైనది.

నగరంలోని ఒక కారు అలంకరణ సామగ్రి దుకాణంలో ఆయన పెట్టెలపై ముద్రించిన అంకెలను చూచి ఎంచుకున్నాడు. ఎంత పెద్ద అంకె ఉంటే అంత గొప్ప శబ్దమని ఆయన తలపు. 300 వాట్లు అని ఉన్న జతను తలుపులలో బిగింపజేసుకున్నాడు. తీరా వినగా కంఠం నీరసంగా ఉన్నది. శబ్దం పెంచితే బద్దలవుతున్నది. అన్నింటికన్న విచిత్రం, ఆ స్వరం ఎక్కడినుండి వస్తున్నదో తెలియడం లేదు. తల్లిగారు ఏమీ అనలేదు. మరుసటి ఏకాదశికి పారాయణ పెట్టమని అడగనూ లేదు.

అప్పుడు ఒక మిత్రుని సూచనపై ఆయన ఆటోనగర్‌లోని ఒక వృద్ధ మేస్త్రిని ఆశ్రయించినాడు. ఆ మేస్త్రి మొదట అడిగినది, తీసివేసిన పాత స్పీకర్లు ఎక్కడ అని. అవి డిక్కీలోనే ఉన్నవి. ఎడమ తలుపుదానిని చేతిలోకి తీసుకొని, కాగితపు కోను చుట్టూ ఉన్న ఫోము అంచును వ్రేలితో తాకినాడు. అది గంధపుపొడివలె రాలిపోయినది. తేమకూ, కాలానికీ ఫోము జీర్ణిస్తుంది. అంచు తెగిన పిమ్మట కోను నడక తప్పి, లోపలి తీగచుట్ట అయస్కాంతపు సందులో ఒరుసుకొంటుంది. బొంగురుతనమంతా ఆ ఒరిపిడినుండి పుట్టినదే.

"పోయింది మీ నాన్నగారి గొంతు కాదు సార్, ఈ అంచు" అన్నాడు మేస్త్రి.

మందారపు ఎరుపు స్ఫటికానికి అంటుకొన్నట్లు, ఫోము శైథిల్యం తండ్రిగారి కంఠానికి అంటుకొన్నది. దానికి ఆసుపత్రి స్మృతి తోడైనది. రెండూ కలిసి ఆమె చెవిలో ఒక లేని రోగాన్ని సృష్టించినవి.

పిమ్మట క్రొత్త జత సంగతి. పెట్టెపై ఉన్న 300 వాట్లు క్షణమాత్రం భరించగల గరిష్ఠశక్తి. నిరంతరంగా భరించగల శక్తిని ఆర్ఎమ్ఎస్ అని వేరుగా ముద్రిస్తారు. కొనవలసినవారు చూడవలసిన అంకె అది. అదికూడ స్పీకరు ఓర్పును తెలిపే అంకెయే కాని, అది ఇచ్చే శబ్దం కాదు. శక్తిని ఇచ్చేది స్టీరియో. దానిపై 50 వాట్లు అని వ్రాసి ఉన్నను, వేరుగా ఆంప్లిఫయర్ లేని కారులో ఒక్కొక్క స్పీకరుకు నిరంతరంగా అందేది సాధారణంగా 15 నుండి 20 వాట్లు మాత్రమే. కాబట్టి స్వల్పశక్తితో ఎంత బిగ్గరగా పలుకగలదన్నదే ప్రధానం. ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిచిన ఆ గుణాన్ని సెన్సిటివిటీ అంటారు. దానిని డెసిబెల్లలో చెప్తారు. మూడు డెసిబెల్లు అధికమైతే అదే శబ్దానికి సగం శక్తి చాలును. ఆయన కొన్న జత 86 డెసిబెల్లది. 92 డెసిబెల్లది నాలుగవవంతు శక్తితోనే అంత శబ్దాన్ని ఇస్తుంది. బరువైన కోనును అల్పశక్తి కదిలించలేకపోవడంవల్లనే నీరసం. శబ్దం పెంచినప్పుడు స్టీరియో తన హద్దును దాటి వికృతస్వరాన్ని పంపడంవల్లనే ఆ బద్దలు.

శాస్త్రంలో అధికారిభేదమని ఒక మాట ఉన్నది. ఉపదేశం ఎంత ఉత్తమమైనదైనను గ్రహించేవాని పాత్రతకు అనురూపం కానిచో ఫలించదు. ఇచ్చేదానికీ, పుచ్చుకొనేదానికీ సామ్యం ఉండవలెను. మేస్త్రి ఎంపికయంతా ఆ సామ్యాన్ని వెదకడమే. స్టీరియో 4 ఓమ్‌ల స్పీకరుకు నిర్మితమైనది. 2 ఓమ్‌లది తగిలిస్తే శబ్దం పెరిగినట్లు తోచినను విద్యుత్తు ద్విగుణమై స్టీరియో వేడెక్కుతుంది. కనుక 4 ఓమ్‌లది. తలుపులోని రంధ్రం ఆరున్నర అంగుళాలు. వెడల్పు సరిపోతే చాలదు, లోతు కూడ చూడవలెను. మొదటి దుకాణంవారు బిగించినదాని అయస్కాంతం లోతుగా ఉండి, ఎడమవైపు అద్దం పూర్తిగా క్రిందికి దిగక తట్టుకొంటున్నది. అంచు ఫోముకు బదులు రబ్బరుది కావలెను. తేమకు అది ఎక్కువ కాలం ఓర్చుకొంటుంది.

ట్వీటరు వేరుగా ఉండే కాంపొనెంట్ జతను ఆయన కోరినాడు. దానిని అద్దం ప్రక్కన, చెవి ఎత్తులో అమర్చుకోవచ్చును. సంగీతానికి అది శ్రేష్ఠమని మేస్త్రి అంగీకరించినాడు. "కాని మీరు వినేది ఒక్క మనిషి గొంతు. పై స్వరం ఒకచోట, క్రింది స్వరం ఒకచోట ఎందుకు సార్?" అని, కోను మధ్యలోనే ట్వీటరు ఉండే కోయాక్సియల్ జతను ఎంచినాడు. దాని మూల్యం మొదటిదానికన్న తక్కువ.

బిగించుటకు పూర్వం మేస్త్రి గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ ఒకటి తీసినాడు. స్టీరియో వెనుక విప్పిన తీగల కొనలకు దానిని క్షణకాలం తాకించినాడు. కుడి తలుపులోని కోను టక్కుమని ముందుకు వచ్చినది. ఎడమదానికి తాకించగా కోను లోపలికి పోయినది. ఎడమ తలుపులో ధన, ఋణ తీగలు తారుమారైనవి. ఆ క్యాసెట్టు శబ్దం మోనో. అనగా రెండువైపులకూ పోయేది ఒకే ధ్వని. ఒక కోను గాలిని ముందుకు నెట్టే క్షణంలోనే రెండవది వెనుకకు లాగుతుండగా, కంఠంలోని గంభీరమైన భాగం పరస్పరం రద్దవుతున్నది. విడివిడిగా రెండు స్పీకర్లూ నిర్దోషాలే. పొత్తు కుదరక వారి పారాయణకు నిలువ చోటు లేకపోయినది.

మేస్త్రి తీగలను సరిచేసినాడు. స్పీకరుకూ తలుపు రేకుకూ నడుమ ప్లాస్టిక్ వలయం ఉంచి, సందులను ఫోముపట్టీతో మూసినాడు. కోను ముందు పుట్టే అలా, వెనుక పుట్టే అలా పరస్పర విరుద్ధాలు. సందు ఉన్నచో రెండూ కలిసి క్షీణిస్తాయి. తరువాత పారాయణను పెట్టగా, స్వరం రెండు తలుపులనూ విడిచి, సరిగా ముందుభాగపు మధ్యలో, ఎదుట ఎవరో కూర్చున్నట్లు నిలిచినది.

కాని ఆయనకు ఇంకొక దోషం వినిపించినది. ప్రతి శ్లోకాంతంలో సన్నని కిర్రుమనే చప్పుడు. "ఇదీ అరుగుతోంది. మార్చండి" అన్నాడు. మునుపు తొందరపడి కంఠాన్ని శంకించినవారు, ఇప్పుడు తొందరపడి స్పీకరును శంకించినారు.

మేస్త్రి వాదించలేదు. వేరొక పాట పెట్టినాడు. కిర్రు లేదు. మరల పారాయణ పెట్టి శబ్దాన్ని కుడివైపుకే మళ్లించినాడు. కిర్రు కుడివైపున వచ్చినది. ఎడమవైపుకు మళ్లించినాడు. ఎడమవైపున వచ్చినది. పారాయణ ఉన్నచోట ఉన్నది, పారాయణ లేనిచోట లేదు. శాస్త్రం తెలిసినవారు దీనినే అన్వయవ్యతిరేక పరీక్ష అంటారు. ఆ చప్పుడు స్పీకరుది కాదు, క్యాసెట్టులోనే ఉన్నది. పాత అరిగిన స్పీకర్లలో అది మరుగుపడి ఇన్నాళ్లూ వినబడలేదు. "కంప్యూటరు పనివాళ్ల దగ్గర తీసేయించుకోవచ్చు సార్" అన్నాడు మేస్త్రి. ఏకాదశి గడిచిన పిమ్మట ఆ పని చేయించవలెనని ఆయన సంకల్పించుకున్నాడు.

ఏకాదశినాడు కరకట్ట ఎక్కిన తరువాత ఆయన పారాయణను మెల్లగా పెట్టినాడు. ఒకవైపు అరటితోటలు, మరొకవైపు నది. ఆమె మొదట ముఖం త్రిప్పుకొని కిటికీ వంక చూస్తుండిరి. పూర్వపీఠికలోని మొదటి శ్లోకం ముగిసినది. కిర్రు. రెండవది ముగిసినది. కిర్రు. ఆమె ఇటు తిరిగినారు.

"ఆ చప్పుడు తీసేయిస్తానమ్మా, వచ్చేసారికి ఉండదు" అన్నాడాయన.

"అది పడక కుర్చీ నాయనా" అన్నారామె. "శ్లోకం అయ్యేదాకా నిటారుగా ఉండేవారు. అవగానే ఒక్కసారి వెనక్కి వాలేవారు. మళ్లీ లేచేవారు."

ఆయన మారు పలుకలేకపోయినాడు. వారం రోజులలో చెరిపివేయదలచినది ఆ కంఠంతోబాటు ఆ దేహం మిగిల్చిన ఏకైక చిహ్నం. అంచు శైథిల్యాన్ని తండ్రిపై ఆరోపించడం ఒక అధ్యాస. తండ్రి కదలికను స్పీకరుపై ఆరోపించడం దాని ప్రతిరూపం. మొదటిదానివలన ఉన్న గుణం మరుగుపడినది. రెండవదానివలన ఉన్నదే నశింపవలసినది. భాష్యకారులు అధ్యాసను అన్యోన్యమని ఎందుకు విస్తరించి చెప్పినారో ఆ కరకట్టపై ఆయనకు అర్థమైనది.

సాధకునికి ఇంద్రియాలూ, మనస్సూ ఇట్టి కరణాలే. కరణం తనదేదీ చేర్చకుండ, వచ్చినదానిలో ఏదీ హరింపకుండ అందించడమే శుద్ధి. అట్లని శుద్ధి చేయబూనినవాడు వినబడిన ప్రతి అపస్వరాన్నీ మాలిన్యమని తుడిచివేయరాదు. ముందుగా అది ఎవరిదో విచారింపవలెను.

పారాయణ ఉత్తరపీఠికకు చేరుసరికి ఆమె పెదవులు కదులుతున్నవి. ఊరిలోని ఇంటి అటకపై ఆ పడక కుర్చీ పట్టె మాత్రమే మిగిలి ఉన్నది, గుడ్డ ఏనాడో చినిగిపోయినది. ఆ సాయంకాలం ఆయన దానిని దించి, తుడిచి, వసారాలో ఉంచినాడు.

స్వస్తి.