మంచు మీద పడి లేచే పిల్లలు

మా అమ్మాయి తైవాన్‌లోని షిన్‌చు అనే ఊళ్లో చిప్‌ల కంపెనీలో ఇంజినీరు. 2024 ఫిబ్రవరిలో నేను తన దగ్గరికి బయల్దేరుతుంటే మా వదిన "అక్కడి గుళ్లూ గోపురాలూ చూసి ఫొటోలు పంపు" అంది. సరేనన్నాను గానీ, విమానం టికెట్టు కొనేముందు నేను చూసుకున్న తేదీలు వేరే. ఫిబ్రవరి 26 నుంచి మార్చి 3 వరకు తైపీలో ప్రపంచ జూనియర్ ఫిగర్ స్కేటింగ్ చాంపియన్‌షిప్!

"కందిపొడి ఎంత తేవాలని అడుగుతావనుకుంటే, స్కేటింగ్ టికెట్లు దొరుకుతాయా అని అడుగుతున్నావేంటమ్మా!" అని ఫోన్లో ఒకటే నవ్వు మా చిన్ని.

నవ్వదూ మరి! హైదరాబాద్‌లో మంచంటే ఫ్రిజ్‌లో గడ్డకట్టేదే. నాకీ పిచ్చి పట్టింది 2010లో. వాంకూవర్ వింటర్ ఒలింపిక్స్‌లో కొరియా అమ్మాయి కిమ్ యునా స్వర్ణం, జపాన్ అమ్మాయి మావో అసాదా రజతం గెలిచారు. ఆ ఇద్దర్నీ టీవీలో చూస్తూ పొయ్యి మీద పాల సంగతి మర్చిపోయాను. అప్పటికి చిన్నికి పన్నెండేళ్లు. రోజూ సాయంత్రం ఇందిరా పార్కు రింకులో రోలర్ స్కేటింగ్ నేర్చుకునేది. అదే ఏడాది గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాదీ అనూప్ కుమార్ యామ ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు. ఇక మా పిల్ల కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు!

మరుసటి ఏడాది జంప్ చేస్తూ పడింది. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పిన రోజే స్కేట్లు అటక మీద పెట్టేశాను. పైగా ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు కూడా మొదలవుతున్నాయి కదా అనుకున్నాను. చిన్ని ఏడవలేదు, అడగలేదు. పదమూడేళ్లుగా ఇంట్లో ఎవరమూ ఆ మాటెత్తలేదు.

పులిహోర డబ్బాతో తైపీకి

మార్చి 1, శుక్రవారం. అమ్మాయిల ఫ్రీ ప్రోగ్రామ్. చిన్ని సెలవు పెట్టింది. షిన్‌చు నుంచి హైస్పీడ్ రైలెక్కితే అరగంట పైచిలుకులో తైపీ. అక్కడ రెడ్ లైన్ మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్లి, జోంగ్‌షాన్‌లో గ్రీన్ లైన్‌కి మారితే మూడో స్టేషన్ పేరే తైపీ అరీనా. దారి తప్పుదామన్నా కుదరదు.

నా సంచిలో పులిహోర డబ్బా ఉంది. మెట్రోలో ఆకలేసి మూత మీద చెయ్యి వేశానో లేదో, చిన్ని గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. ఇక్కడి మెట్రోలో మంచినీళ్లు తాగినా జరిమానాయేనట! మొత్తానికి అరీనా బయట, ముసురు పడుతుంటే చూరు కింద నిలబడి తిన్నాం. పక్కన జపాన్ నుంచి వచ్చిన ఆడవాళ్లు స్కేటర్ల పేర్లు రాసిన గుడ్డ బ్యానర్లను, మనం పట్టుచీర మడతపెట్టినంత జాగ్రత్తగా మడతపెట్టుకుంటున్నారు.

లోపల చలి గురించి ఎవరూ చెప్పలేదు నాకు. స్వెట్టరు మీద శాలువా కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి. పక్క సీట్లో ఒక జపాన్ పెద్దావిడ. నా అవస్థ చూసి, చేతిలో పట్టుకుంటే వెచ్చగా ఉండే చిన్న పొట్లం ఒకటి ఇచ్చింది. నేను మామిడి తాండ్ర ముక్క ఇచ్చాను. ఆవిడ ముందు వాసన చూసి, తర్వాత కొరికి, కళ్లు పెద్దవి చేసింది. అక్కడి నుంచి మేమిద్దరం స్నేహితులం!

టీవీలో వినపడనిది

ఇన్నేళ్లు టీవీలో చూశాను కదా, కొత్తగా ఏముంటుందిలే అనుకున్నాను. ముందు ఆశ్చర్యపరిచింది చప్పుడు. ఇనుప పట్టీ మంచుని కోసే శబ్దం మన కొబ్బరి కోరు శబ్దంలా ఉంటుంది. జంప్‌కి ముందు ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. దిగగానే ధన్‌మని మోత. టీవీలో పువ్వులా వాలినట్టు కనిపించేవాళ్లు నిజానికి ఎంత బరువుగా దిగుతారో అప్పుడు తెలిసింది.

రెండోది, వాళ్లెంత చిన్నవాళ్లో! సింగిల్స్‌లో జూనియర్ అంటే 13 నిండి, ఇంకా 19 రానివాళ్లు. ఆరుగురు చొప్పున వచ్చి ఆరు నిమిషాలు వార్మప్ చేస్తారు. కోచ్ చెప్పేది వింటూ ముక్కు తుడుచుకునేవాళ్లు, జడపిన్నులు సర్దుకునేవాళ్లు... అచ్చం మన స్కూలు వార్షికోత్సవంలో తెర వెనక పిల్లలే. తర్వాత ఒక్కొక్కరికి మూడున్నర నిమిషాలు. ఆ పెద్ద మంచు మైదానంలో ఒంటరిగా ఒక పిల్ల!

మొదటి గ్రూపుల్లో ఒకమ్మాయి మొదటి జంప్‌కే పడింది. లేచింది. రెండోసారి పడింది. పడిన ప్రతిసారీ ఒక పాయింటు కోత. మూడోసారి జంప్‌కి వెనక్కి తిరుగుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. చప్పట్లు వినపడి తెరిచాను. నిలబడింది! పతకాలతో ఏ సంబంధమూ లేని ఆ పిల్ల కోసం హాలంతా పాట చివరిదాకా చప్పట్లు కొట్టింది. పక్కావిడ కళ్లు తుడుచుకుంటోంది. చిన్ని వైపు చూశాను. తను కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని కూర్చుంది.

ఇద్దరు మావోలు

ఆ రోజు అందరూ ఎదురుచూసింది ఇద్దరి కోసం. జపాన్ అమ్మాయి మావో షిమాదా, కొరియా అమ్మాయి షిన్ జియా. ఇద్దరూ పదిహేనేళ్లవాళ్లే. షార్ట్ ప్రోగ్రామ్‌లో జియాకి 73.48, మావోకి 72.60. ఒక పాయింటు కూడా లేదు తేడా.

జియా చేతులు చూస్తే సంగీతం ఆ వేళ్ల చివరి నుంచే వస్తోందేమో అనిపిస్తుంది. మావో పద్ధతి వేరు. మూడున్నర చుట్ల ఆక్సెల్, నాలుగు చుట్ల టో లూప్ తన ప్రోగ్రామ్‌లో పెట్టుకునే పిల్ల. ఆక్సెల్ ఒక్కటే ముందుకి చూస్తూ ఎగరాల్సిన జంప్, అందుకే అర చుట్టు ఎక్కువ. దానికోసం ఆ అమ్మాయి పరుగు తీస్తుంటే నా చేతిలోని వెచ్చటి పొట్లం నలిగిపోయింది. చివరికి మావోకి 218.36, జియాకి 212.43. వరుసగా రెండో ఏడాది మావోకి స్వర్ణం. జియాకి వరుసగా మూడో రజతం. 2022లో తాలిన్‌లో అయితే అర పాయింటు తేడాతో పోయింది పాపం!

పక్కావిడ ఫోన్‌లో అనువాదం పెట్టి చూపించింది: "నేను మొదటి మావోని కూడా చూశాను."

ఆవిడ చెప్పేది మావో అసాదా గురించి. ఈ పిల్లకి తల్లిదండ్రులు ఆ పేరే పెట్టుకున్నారు. పేరుతోపాటు విధి కూడా వచ్చినట్టుంది. 2005 డిసెంబర్‌లో గ్రాండ్‌ప్రీ ఫైనల్‌ గెలిచిన అసాదా, వయసు 87 రోజులు తక్కువైందని 2006 టురిన్ ఒలింపిక్స్‌కి వెళ్లలేకపోయింది. ఇప్పుడు షిమాదాదీ అదే కథ. బీజింగ్ ఒలింపిక్స్‌లో పదిహేనేళ్ల రష్యా అమ్మాయి కమీలా వలియేవా డోపింగ్ వివాదంలో నలిగిపోవడం లోకమంతా చూసింది. అదే ఏడాది జూన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ 100-16 ఓట్లతో సీనియర్ల కనీస వయసుని విడతలుగా 17కి పెంచింది. 2008 అక్టోబర్ 30న పుట్టిన మావోకి నాలుగు నెలల తేడాతో 2026 మిలాన్ ఒలింపిక్స్ లేనట్టే. అదే ఏడాది మార్చిలో పుట్టిన జియాకి మాత్రం అర్హత ఉంటుంది. గెలిచిన పిల్ల ఇంట్లో కూర్చోవాలి, ఓడిన పిల్ల వెళ్లొచ్చు!

"అన్యాయం కదూ?" అన్నాను చిన్నితో.

"ఏమోనమ్మా. పిల్లల్ని కాపాడాలనే కదా పెట్టారు" అంది. కాసేపాగి, "కాపాడేవాళ్లు ఒకసారి ఆ పిల్లనీ అడగాలి" అంది.

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

అటక మీది స్కేట్లు

శనివారం అబ్బాయిల ఫైనల్‌కి కూడా వెళ్లాం. కొరియా కుర్రాడు సియో మిన్‌క్యు 230.75తో గెలిచాడు. జపాన్ అబ్బాయి రియో నకాతా కన్నా 1.44 పాయింట్లే ఎక్కువ. కొరియా అబ్బాయిల్లో ఈ టైటిల్ గెలిచిన మొదటివాడు ఇతనే. ఆ దేశానికి 2006లో కిమ్ యునా తర్వాత వచ్చిన తొలి జూనియర్ స్వర్ణం కూడా ఇదే. ఒక అమ్మాయి దారి వేస్తే, పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ దారిలో ఒక అబ్బాయి వచ్చాడన్నమాట.

తిరుగు రైల్లో అడిగేశాను. "ఆ రోజు స్కేట్లు దాచేసినందుకు నా మీద కోపముందా తల్లీ?"

కిటికీలోంచి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "విరిగినప్పుడు ఎంత నొప్పేసిందో ఇప్పుడు గుర్తు లేదమ్మా. కట్టు విప్పాక ఒక్కసారైనా రింకులోకి వెళ్లనివ్వలేదు, అది గుర్తుంది. ఆఖరిసారి నేను చేసిన పని పడిపోవడమే అయింది కదా."

నేను భయపడ్డాను అన్నాను. తెలుసమ్మా అంది. అంతకుమించి ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. చెయ్యి మాత్రం తీసుకుంది.

తైపీ అరీనాలోనే మామూలు జనం స్కేటింగ్ చేసుకునే మంచు రింకు ఒకటి ఉంది. నేను ఇండియాకి తిరిగొచ్చే ముందు ఒక ఆదివారం చిన్ని అక్కడికి తీసుకెళ్లింది. బూట్లు అద్దెకి తీసుకుంది. చక్రాలకీ మంచుకీ చాలా తేడా అట, మొదటి పది నిమిషాలు కడ్డీ పట్టుకునే నడిచింది. తర్వాత వదిలేసింది. రెండు రౌండ్లు బాగానే వెళ్లింది. మూడో రౌండులో, ఆరేళ్ల పిల్లాడొకడు అడ్డొస్తే తప్పించబోయి కూలబడింది.

"చాలు, ఇంక రావే" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అద్దం అవతల తను నా వైపే చూస్తోంది. శాలువా అంచు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.

లేచింది. మోకాళ్ల మీది మంచు దులుపుకుంది. మళ్లీ నా ముందు నుంచి వెళ్లేటప్పుడు, గంట అయిపోవడానికి ఇంకా ఎంతసేపుందో చూడమని మణికట్టు చూపిస్తూ సైగ చేసింది. ఇరవై నిమిషాలుంది. రెండు చేతులూ ఎత్తి, పది వేళ్లు రెండుసార్లు చూపించాను.